వెయ్యి రూపాయలు... రెండేళ్ళ పరుగు!

*పరుగెత్తడానికి పైసా ఖర్చు లేదంటారు. నేల ఊరిది, గాలి దేవుడిది, కాళ్ళు మనవి. నిజమే! కానీ ఒంటిమీదికి నాలుగు బట్టలు కావాలి కదా. అవి చెమటను ఓర్చుకోవాలి, ఉతుకును తట్టుకోవాలి, నాన్న జేబునూ దాటకూడదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ళలో ఈ లెక్క కుదరడం ఎలా?*

తెల్లవారుజామున అయిదు గంటలు. ఇంకా చీకటి విడలేదు. ఊరి మైదానంలో, శివారు రోడ్డు మీద ఒక్కొక్కరే వచ్చి చేరుతుంటారు. పోలీసు ఉద్యోగం కోసం ఒకరు, అగ్నివీర్ ఎంపిక కోసం ఒకరు, షుగరు తగ్గించుకోమని డాక్టరు చెబితే తప్పక వచ్చినవారు మరొకరు. వాళ్ళ ఒంటిమీద బట్టలు చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో కథ చెబుతుంది. ఎరువుల కంపెనీ ఉచితంగా ఇచ్చిన టీషర్టు, అన్న కాలేజీలో ఆడినప్పటి జెర్సీ, మోకాళ్ళ దగ్గర కత్తిరించిన పాత ప్యాంటు, మొన్న ఎన్నికల్లో పంచిన బనీను...

పరుగు మొదలుపెట్టడానికి ఇవి చాలు. ఎవరూ సిగ్గుపడాల్సిన పనిలేదు. కానీ ఆ పరుగు నెలల తరబడి సాగాల్సి వస్తేనే చిక్కు.

సాగుతుందా అంటే, సాగుతుంది! ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరిలో ప్రాథమిక రాతపరీక్ష అయింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు ఆఖర్న! అంటే రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలు దాదాపు రెండేళ్ళపాటు ఒంట్లో పదును తగ్గకుండా చూసుకోవాల్సి వచ్చింది. మగపిల్లలు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. ఒక్క సెకను ఆలస్యమైనా ఇంటికే. అలాంటి పరుగుకు రెండేళ్ళు సాధన చేయాలంటే మూడు నెలలకే సాగిపోయే టీషర్టులు, ఆరు వారాలకే చిరిగే ప్యాంట్లు కొంటూ కూర్చుంటే ఏ కూలీ ఇల్లు తట్టుకుంటుంది?

అందుకే, తక్కువ ధరకు దొరికిందా అని కాదు... ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడగాలి.

నూలు మంచిదా, పాలిస్టర్ మంచిదా?

ఇంట్లో పెద్దలు ఉంటే టెరికాట్ చొక్కాల రోజులు గుర్తుండే ఉంటాయి. నలగదు, వెలవదు, పెళ్ళికి కుట్టించుకున్నది పిల్లాడు బడికి వెళ్ళేదాకా ఉండేది. అందులో ఉన్నది పాలిస్టరే. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఈ దారానికి మొదట పెట్టిన పేరు టెరిలిన్. ఇప్పుడు ఆటల దుస్తుల్లో రాజ్యం దానిదే. అప్పట్లో ఉక్క పోయించిన గుడ్డే ఇప్పుడు చెమట ఆరబెడుతోందంటే నేతలో వచ్చిన మార్పే కారణం. అప్పటిది గట్టిగా నేసిన గుడ్డ. ఇప్పటిది సన్నటి దారంతో, చిన్నచిన్న కన్నాలతో వల అల్లినట్టు అల్లిన గుడ్డ.

నూలు చెమటను పీల్చి తనలో దాచుకుంటుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే తన బరువులో ఎనిమిది శాతానికి పైగా తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే చెమట దారాల సందుల్లోంచి పైకి పాకి గాలికి ఆరిపోతుంది. అరగంట పరుగెత్తాక నూలు టీషర్టు తడిసి ముద్దయి ఒంటికి అంటుకుంటే, జాలీ పాలిస్టర్ తేలిగ్గానే ఉంటుంది.

మదనపల్లె పరిసరాల్లో ఇది మరీ ముఖ్యం. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న చోటు. ఆ చల్లటి గాలి చూసే 1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి వెలిసింది. పుంగనూరు, కుప్పం కూడా పీఠభూమి ఊళ్ళే. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున పరుగాపి నిలబడితే తడిసిన నూలు బట్ట ఒంటిని గడగడలాడిస్తుంది. ఎండాకాలంలో అదే తడి బట్ట తొడల దగ్గర, చంకల్లో ఒరుసుకుని పుండు చేస్తుంది. ఆ పుండుతో రెండు రోజులు సాధన మానేయాల్సి వస్తే నష్టం బట్టల ఖరీదుతో పోయేది కాదు.

అలాగని నూలుకు నీళ్ళు వదలక్కర్లేదు. పాలిస్టర్‌కు ఓ పెద్ద లోపం ఉంది... కంపు! 2014లో బెల్జియం పరిశోధకులు 26 మందితో ఒంట్లో చెమట పట్టేదాకా సైకిలు తొక్కించి, వాళ్ళ టీషర్టులను ఒకరోజు అలాగే ఉంచి వాసన పరీక్షించారు. నూలు కంటే పాలిస్టర్ టీషర్టులే ఎక్కువ దుర్వాసన కొట్టాయి. వాసన పుట్టించే కొన్నిరకాల సూక్ష్మజీవులు దాని మీద బాగా పెరుగుతాయని తేలింది.

కాబట్టి పనిని బట్టి గుడ్డ. పరుగు, కబడ్డీ, స్కిప్పింగ్ లాంటివాటికి సన్న కన్నాల పాలిస్టర్. నడకకు, ఆసనాలకు, ఇంట్లో కసరత్తుకు నూలుగానీ, నూలూ పాలిస్టర్ కలిపిన గుడ్డగానీ హాయి. ప్యాంట్లకు మాత్రం కొద్దిగా సాగే గుణం కావాలి. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేసిన స్పాండెక్స్ దారమే ఆ సాగుడు రహస్యం. అంగళ్ళలో దాన్ని అందరూ లైక్రా అనే పిలుస్తారు. వందకు అయిదు నుంచి పది పాళ్ళు ఉంటే చాలు.

తిరుప్పూరు ఎంతో దూరం లేదు

మన సంతల్లో, ఫుట్‌పాత్‌ల మీద గుట్టలు పోసి అమ్మే టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లలో చాలావాటి పుట్టిల్లు తమిళనాడులోని తిరుప్పూరు. దేశం నుంచి విదేశాలకు వెళ్ళే అల్లిక దుస్తుల్లో సగానికి పైగా ఆ ఒక్క ఊరి నుంచే వెళతాయి. విదేశీ కంపెనీ పదివేలు అడిగితే అక్కడ ఇంకాస్త ఎక్కువే కుడతారు. మిగిలినవీ, రంగు కాస్త తేడా వచ్చినవీ, ఎక్కడో ఒక కుట్టు తప్పినవీ లోపలి మార్కెట్‌కు వస్తాయి. తిరుప్పూరు రైల్వేస్టేషనుకు దగ్గర్లోనే ఉన్న ఖాదర్‌పేట ఇలాంటి సరుకుకు పేరుపడింది. మెడ దగ్గర లేబుల్‌ను కత్తెరతో సగానికి కోసేసిన టీషర్టు కనిపిస్తే అది చాలావరకూ ఈ బాపతే.

ఇందులో మూడు రకాలుంటాయి. నిజంగా మిగిలిపోయిన సరుకు ఒకటి, లోపమున్న సెకండ్స్ రెండోది, ఎగుమతి సరుకు పేరు చెప్పి అమ్మే నాసిరకం మూడోది. మొదటిది దొరికితే అదృష్టం. రెండోదాంట్లో లోపం ఎక్కడుందో చూసుకుని కొంటే నష్టం లేదు. ఛాతీ మీద చిన్న మరక ఉంటే పరుగుకు అడ్డం రాదు కదా! భుజం కుట్టు వంకర పోయినదీ, ఒక కాలు పొట్టిగా ఉన్నదీ మాత్రం వద్దు. మూడోదాన్ని పట్టుకోవాలంటే గుడ్డను చేత్తో చదవడం రావాలి.

కుప్పానికి ఒక వెసులుబాటుంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూల అది. బెంగళూరు-జోలార్‌పేట రైలు మార్గంలో ఉంది. అటు సేలం, ఈరోడ్ మీదుగా తిరుప్పూరుకూ, ఇటు బెంగళూరుకూ రైలు దారే. మదనపల్లె, పుంగనూరుల నుంచి బెంగళూరుకు బస్సులు ఎటూ ఉన్నాయి. బెంగళూరులోని పెద్ద క్రీడాసామగ్రి దుకాణాల్లో సొంత పేరుతో అమ్మే చవక రకాలు ఓ మూల ఉంటాయి. అద్దాల మేడ చూసి జంకకుండా ఆ మూలకు వెళ్ళాలి. అంతేగానీ ఒక్క టీషర్టు కోసం అంత దూరం వెళితే బస్సు చార్జీకే ఇంకో టీషర్టు వస్తుంది. ఊళ్ళో కలిసి పరుగెత్తే పదిమంది కొలతలు రాసిచ్చి, పనిమీద వెళ్ళే ఒకరితో డజను లెక్కన తెప్పించుకుంటే అందరికీ గిట్టుబాటు.

పన్ను సంగతీ తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తుల మీద జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 12 శాతం ఉండేది. 2,500 లోపు బూట్లకూ ఇప్పుడు 5 శాతమే.

ముద్ర కాదు, కుట్టు చూడాలి

"ఎంతన్నా ఇది?"

"కంపెనీది తమ్ముడూ... అయినా నీకని మూడొందలకిస్తా."

సంతలో రోజూ వినిపించే మాటే. కంపెనీ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయి ఉంటుంది. మూడు చారల చోట నాలుగు ఉంటాయి. అందులో కనీసం యాభై రూపాయలు ఆ దొంగ ముద్రకే. ముద్ర లేని సాదా టీషర్టు పక్క గుట్టలోనే తక్కువకు ఉంటుంది.

అస్సాం రైతు బిడ్డ హిమాదాస్ తొలిరోజుల్లో ఒట్టికాళ్ళతో పరుగెత్తేది. నాన్న కొనిచ్చిన మామూలు స్పైక్ బూట్ల మీద తనే పెన్నుతో 'అడిడాస్' అని రాసుకుందట. 2018లో ఫిన్లాండ్‌లో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీల్లో 400 మీటర్ల స్వర్ణం గెలిచాక, అదే కంపెనీ ఆమెతో ఒప్పందం చేసుకుని ఆమె పేరు ముద్రించిన బూట్లు తయారుచేసింది! ముద్రను చూసి కాళ్ళు పరుగెత్తవు, కాళ్ళను చూసి ముద్రే పరుగెత్తుకొస్తుంది.

మరి ఏం చూడాలి? గుడ్డ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. అంగడివాళ్ళు దీన్నే జీఎస్ఎం అంటారు. టీషర్టుకు 140 నుంచి 180 దాకా, ట్రాక్ ప్యాంటుకు 200 పైన ఉంటే మేలు. అంకె చెప్పేవాళ్ళు లేకపోతే కళ్ళూ వేళ్ళే కొలబద్దలు.

అంగట్లో అయిదు పరీక్షలు

* వెలుగుకు పట్టుకుని చూడాలి. అవతలి మనిషి ముఖం కనబడితే ప్యాంటుకు ఆ గుడ్డ పనికిరాదు.
* రెండు చేతులా అడ్డంగా లాగి వదలాలి. వెంటనే వెనక్కి వస్తే సరే. వదులుగా వేలాడితే నెల తిరిగేసరికి మోకాళ్ళ దగ్గర సంచులు తేలతాయి.
* తిరగేసి కుట్లు చూడాలి. ఓవర్‌లాక్ దగ్గరదగ్గరగా ఉండాలి. దారాలు వేలాడకూడదు. టీషర్టు భుజం కుట్టు వెంట లోపల సన్న పట్టీ వేసి ఉంటే మెడ, భుజం సాగవు.
* ప్యాంటులో కాళ్ళ సందున నాలుగు కుట్లు ఒకేచోట కలిస్తే మొదట చిరిగేది అక్కడే. అక్కడ చిన్న చదరపు ముక్క వేసి కుట్టిన ప్యాంటు ఎక్కువ కాలం నిలుస్తుంది.
* నడుము దగ్గర ఎలాస్టిక్‌తోపాటు నాడా కూడా ఉండాలి. ఎలాస్టిక్ లూజయినా నాడా ఆదుకుంటుంది. డబ్బులో, ఇంటి తాళమో పెట్టుకోవడానికి జిప్పు జేబు ఉంటే మరీ మంచిది.

ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

బడిలో ఉన్నంతవరకూ పరుగుపందెంలో ముందుండే పిల్ల పదో తరగతికి వచ్చేసరికి మైదానం గట్టు మీద కూర్చుంటుంది. అడిగితే "ఆసక్తి లేదు" అంటుంది. చాలాసార్లు అసలు కారణం బట్టలే. పైటలాంటి చున్నీ, కాళ్ళకు అడ్డంపడే చుడీదారు, నలుగురూ చూస్తారన్న బెరుకు. వీటన్నిటికంటే ఎవరికీ చెప్పుకోలేనిది సరైన లోదుస్తు లేకపోవడం.

ఇది మన ఊళ్ళ సమస్యే కాదు. బ్రిటన్‌లో రెండువేల మందికి పైగా బడిపిల్లలను ప్రశ్నించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మంది ఛాతీకి సంబంధించిన ఇబ్బంది తమ ఆటల మీద ప్రభావం చూపుతోందని చెప్పారు. సగం మందికి పైగా స్పోర్ట్స్ బ్రా ఎన్నడూ వేసుకోలేదట. అసలు స్పోర్ట్స్ బ్రా పుట్టుక కూడా ఒక కుట్టుమిషను కథే. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లిసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ కలిసి మగ క్రీడాకారులు వాడే లోదుస్తులు రెండింటిని జతచేసి కుట్టి మొదటి నమూనా తయారుచేశారు. అది అప్పటిదాకా ఇబ్బందిపడి ఆగిపోయిన ఎందరికో దారి తెరిచింది.

అందుకే ఆడపిల్లకు కొనే మొదటి వస్తువు టీషర్టు కాదు, ఇదే. అమ్మ ఇంట్లోనే టేపుతో ఛాతీ కింద చుట్టుకొలత తీసి రాసుకోవాలి. చిన్న అంగళ్ళలో వేసి చూసుకునే వీలుండదు కాబట్టి మారుస్తారో లేదో ముందే అడగాలి. ఇంటికొచ్చాక వేసుకుని రెండుసార్లు ఎగిరి చూస్తే కుదిరిందో లేదో తెలుస్తుంది. కింది పట్టీ బిగువుగా ఉండాలి, ఊపిరికి అడ్డం రాకూడదు. ఒకటి ఉతికితే ఒకటి ఉండేలా రెండు కావాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోవచ్చు, ఇక్కడ వద్దు.

పైకి ఏం వేసుకోవాలన్నదానికి మన ఊళ్ళలోనే ఓ పరిష్కారం ఉంది. మోకాళ్ళ పైదాకా ఉండే వదులు టీషర్టు లేదా కుర్తా, కింద ముదురు రంగు ట్రాక్ ప్యాంటు. నానమ్మ కూడా అభ్యంతరం చెప్పదు, పరుగుకూ అడ్డం లేదు. చీరలోనే నడిచే అమ్మలు పాదాలకు పట్టే బూట్లు, నూలు సాక్సులు వేసుకుంటే చాలు. అంచును మడమల పైకి కాస్త ఎత్తి కట్టుకుంటే కాలికి తగులుకోదు.

వెయ్యి ఎలా పంచాలి?

బూట్లు కాక చేతిలో వెయ్యి రూపాయలు ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకేసారి కొనాలని లేదు. ఒంటికి ఆనుకుని ఉండేవి ముందు, పైకి కనిపించేవి తర్వాత. మొదట ఒరుసుకోకుండా కాపాడే లోపలి పొట్టి నిక్కరుగానీ, ఆడపిల్లలైతే స్పోర్ట్స్ బ్రాగానీ. తర్వాత గట్టి కుట్టున్న ప్యాంటో, నిక్కరో ఒకటి. మిగిలినదానితో ఒక మంచి టీషర్టు. రెండోది ఇంట్లో ఉన్న పాతదే వాడుకోవచ్చు. చలికి స్వెట్టరు కొననక్కర్లేదు. పాత పొడుగు చేతుల చొక్కా పైన వేసుకుని వెళ్ళి, ఒళ్ళు వేడెక్కాక తీసి నడుముకు కట్టుకుంటే సరి.

చవక అనుకున్నది ఎలా ఖరీదవుతుందో చూద్దాం. నూటయాభై రూపాయల టీషర్టు మూడు నెలలకు పోతుందనుకుంటే రెండేళ్ళకు ఎనిమిది కావాలి. మొత్తం 1,200 రూపాయలు. మూడువందల యాభై పెట్టి కొన్నది ఏడాది నిలిస్తే రెండేళ్ళకు రెండే. అంటే 700. అయిదువందల మిగులు! అయితే ఖరీదైనదల్లా నిలుస్తుందనేమీ లేదు. పై అయిదు పరీక్షలూ దానికీ పెట్టాల్సిందే.

బండకేసి బాదొద్దు!

ఎంత మంచి బట్టయినా దాని ఆయుష్షు ఉతికేవాళ్ళ చేతిలో ఉంటుంది. సాగే గుడ్డను బండకేసి బాదితే లోపలి స్పాండెక్స్ దారాలు తెగుతాయి. బ్రష్షుతో రుద్దితే నూగు లేస్తుంది. వేడినీళ్ళు, బ్లీచింగ్, ఇస్త్రీపెట్టె... మూడూ దానికి శత్రువులే.

సాధన అయ్యాక చెమట బట్టలను బకెట్లో ముద్దచేసి సాయంత్రం దాకా వదలకూడదు. స్నానంతోపాటే తిరగేసి చన్నీళ్ళలో జాడించి ఆరేస్తే సగం కంపు అక్కడే పోతుంది. ఉప్పగా, గట్టిగా ఉండే బోరునీళ్ళలో సబ్బుబిళ్ళ నురగ రాదు సరికదా, తెల్లటి జిడ్డులా గుడ్డకు పడుతుంది. దానికంటే కొద్దిగా డిటర్జెంట్ పొడి నయం. వాసన కోసం ఆఖరి నీళ్ళలో కలిపే ద్రవాలు పాలిస్టర్‌కు వద్దు. అవి దారాల మీద పొరలా పేరుకుని చెమట పైకి పాకకుండా అడ్డుకుంటాయి. ఆరేయడం నీడలో. మిట్టమధ్యాహ్నపు ఎండకు రంగుతోపాటు బిగువూ పోతుంది.

ఇక ఊళ్ళో టైలరును మరిచిపోకూడదు. కొత్త ప్యాంటు కొన్నరోజే కాళ్ళ సందున ఇంకో కుట్టు వేయించుకుంటే చిరిగాక అతుకు వేయించాల్సిన అవసరం రాదు. ఎలాస్టిక్ వదులైతే మార్పించుకోవచ్చు. మోకాలు చిరిగిన ట్రాక్ ప్యాంటును కత్తిరించి నిక్కరు చేయించుకోవచ్చు. నేతగాళ్ళ వాడలున్న మదనపల్లెకు, దారం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్న తెగులు కనబడ్డప్పుడే సూది పట్టుకుంటే బట్ట ఇంకో ఏడాది బతుకుతుంది.

చివరగా, పరీక్ష రోజు మాట. ఉద్యోగ ఎంపికకు వెళ్ళే రోజున ముచ్చటపడి కొత్త బట్టలు, కొత్త బూట్లు వేసుకుంటారు కొందరు. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ కుట్టు గుచ్చుకుంటుందో తెలియని కొత్త బట్టతో ఎనిమిది నిమిషాల పందెం ఆడటం కంటే, నెలల తరబడి ఒంటికి అలవాటైన పాత జతే నమ్మకమైన తోడు. దాన్ని ముందురోజు శుభ్రంగా ఉతికి, నాడా గట్టిగా ఉందో లేదో చూసుకుని మడతపెట్టి సంచిలో పెట్టుకోవాలి. రంగు వెలిసినా ఫరవాలేదు... గీత దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డవాళ్ళు చూసేది అంకెలనే!